గుర్రాలు తొక్కిన బాట

ఖొర్లో అత్త చెప్పిందేమంటే, మా తోటికోడలు దుల్మా తన గుడారంలో నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్ని కొడుతూ ఉండగా నా ప్రస్తావన వచ్చిందట. "ఆ పిల్ల చేతిలో ఏదీ నిలవదు" అందట దుల్మా. ఆ మాట అనేసి మళ్లీ ఉన్ని కొట్టుకుంటూ కూర్చుందట.

"నా చెవులతో నేను వినలేదమ్మాయ్, ఉన్నమాట చెప్పాలి," అంది ఖొర్లో అత్త, గిన్నెలోంచి మూడో ఎండుపెరుగు ముక్క తీసి నోట్లో వేసుకుంటూ. "మా కోడలి చెల్లెలు విన్నది. అది అబద్ధం చెప్పదు. చెప్పేంత తెలివి లేదు దానికి."

"ఎందుకందంట ఆ మాట?"

"ఎందుకంటే ఏం చెప్తాం? పెద్దకోడలు. నోరుంది, అంది. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనబాక. నాకు ఇద్దరూ కావాల్సినవాళ్లే."

ఖొర్లో అత్తది రెండు దిబ్బల అవతల కాపురం. మేకలు తక్కువ, తీరిక ఎక్కువ. ఎవరి గుడారంలో టీ కాగుతున్నా ఆమెకు వాసన తగులుతుంది. ఆమె ఒంటె దిబ్బ దిగిపోయాక నేను పొయ్యి ముందు కూర్చుండిపోయాను. ఆ వసంతంలోనే నా బిడ్డ ఇరవై రెండు రోజులవాడై పోయాడు. వాడి ఉయ్యాల తాడు ఇంకా గుడారం వాసానికి కట్టే ఉంది. విప్పడానికి నాకు చేతులు రాలేదు, విప్పమని చెప్పడానికి మా ఆయనకు నోరు రాలేదు. బిడ్డ పోయిన నెలకే మా మామగారు పోయారు. ఆ ఏడు నా చేతిలో నిలవనిదేమిటో ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

మామగారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు లొదొయ్, మా బావగారు. ఆయన వాటాకు గుర్రాల మంద వచ్చింది, వంద పైచిలుకు గొర్రెలు కూడా. చిన్నవాడు జంబల్, మా ఆయన. చిన్న కొడుక్కే తండ్రి పొయ్యి దక్కుతుంది కాబట్టి గొర్రెల మంద, పాత శీతాకాలపు దొడ్డి మాకు వచ్చాయి. మూడు వందల పైచిలుకు గొర్రెలు, నాలుగు ఆవులు, ఎక్కి తిరగడానికి రెండు గుర్రాలు. అదే మా బతుకు. అయితే వాటాలు వేరైనా చలికాలం మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే. కనుమ దాటి హర్ సలా లోయకు కలిసి పోయేవాళ్లం. గుర్రానికి గిట్ట ఉంది. మంచును తవ్వి, పైగడ్డి కొరికి ముందుకు పోతుంది. గొర్రెకు ఆ బలం లేదు. గుర్రం తెరిచి వదిలిన చోట మూతి పెట్టి అడుగు గడ్డి తింటుంది. ముందు గుర్రాలు, వెనక గొర్రెలు. మామగారు బతికినన్నాళ్లూ చలికాలమంటే మాకు ఇంతే.

ఆ సాయంత్రం జంబల్ జీను పట్టీకి కుట్టు వేసుకుంటుంటే చెప్పాను.

"ఈ ఏడు మనం హర్ సలాకి పోవద్దు."

"ఏం?"

"మామగారి దొడ్డి ఉందిగా మనకి. రాతిగోడ ఉంది, కింద మూరెడు మందాన ఎండు పేడ ఉంది పడుకోడానికి. చుట్టూ గడ్డి ఎవరూ మేపకుండా ఉంచాం. ఇంకా ఒకళ్ల తోక పట్టుకుని పోవడమెందుకు?"

"తోక కాదు నొరో. గుర్రాలు. మంచు పడితే గుర్రాలు కావాలి."

"ప్రతి ఏడూ నడుముల్లోతు పడుతుందా ఏంది?"

ఆయన సూది ఆపి నా వైపు చూశాడు. "ఖొర్లో అత్త వచ్చిపోయిందా?"

"వస్తే?"

"ఆమె వచ్చిపోయిన రోజు మన పొయ్యి సరిగా మండదు."

అప్పుడు చెప్పాను, దుల్మా అన్నదాన్ని.  పట్టీ కుట్టడం పూర్తి చేసి, దారం పంటితో కొరికి, "అలాగేలే" అన్నాడు. బిడ్డ పోయిన దగ్గర్నుంచి ఆయన నా మాట కాదనడం మానేశాడు. ఆ సంగతి తెలిసే నేను అడిగాను.

మర్నాడు అన్న దగ్గరికి పోయి చెప్పి వచ్చాడు. ఏమన్నాడని అడిగితే, "ఎవరి మంద వాళ్లదే అన్నాడు" అన్నాడు. 

*

చలికాలం మొదట్లోనే రెండు మంచులు పడ్డాయి. పెద్దవి కావు. గడ్డి కొసలు పైకి కనబడుతూనే ఉన్నాయి. మంద కడుపు నింపుకునే వస్తోంది. నాకు లోపల్లోపల గర్వంగానే ఉంది. చూశారా, మా కాళ్ల మీద మేం నిలబడ్డాం అని.

అలాంటి ఒక మధ్యాహ్నం దుల్మా వచ్చింది. జంబల్ మంద వెంట ఉన్నాడు. ఆమె గుర్రం దిగి, గడప తొక్కకుండా లోపలికి అడుగుపెట్టి, తలుపు దగ్గరే కూర్చుంది. పెద్ద ఒంటి మనిషి. చలి గాలికి బుగ్గలు ఎర్రగా పగిలి ఉన్నాయి. సంచిలోంచి చలికి గడ్డకట్టించిన పాలగడ్డ తీసి నా ముందు పెట్టింది, తిరగలి రాయంత.

"పైకి వచ్చి కూర్చో అక్కా."

"లేదులే, పొద్దు వాలకముందే పోవాలి. నిద్ర పడతందా నీకు?"

ఆ అడగడం నాకు ఎత్తిపొడుపులా తగిలింది. ఆమె కళ్లు ఒక్కసారి ఉయ్యాల తాడు మీదికి పోయి వచ్చాయి.

"పడుతుంది. పట్టకేం?"

టీ ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని ఊదుకుంటూ తాగింది. గిన్నె కింద పెట్టి అసలు సంగతి చెప్పింది.

"రేపు పొద్దున మీ బావ గుర్రాల్ని కనుమ దాటిస్తాడు. ఇప్పటికే కనుమలో మోకాళ్ల పైకి వచ్చింది మంచు. గుర్రాలు తొక్కిన బాట ఒక్కరోజు ఉంటది. గాలి లేస్తే అదీ ఉండదు. జంబల్‌ని మంద తోలుకుని వెనకే వచ్చెయ్యమను. కనుమ ఇవతల కాచుకుని ఉంటామని చెప్పు. ఈ ఏడు ముసలాళ్లందరూ ఒకటే మాట మీదున్నారు, గట్టి జుద్ వచ్చేట్టుందంట."

మేం జుద్ అనేది ఉత్త చలిని కాదు. మేత ఉండీ మందకు అందకుండా పోయే చలికాలాన్ని. ఆ మాట నోటితో అనడానికి కూడా మావాళ్లు జంకుతారు. ఆమె అంది.

"ఆ మాట బావగారే వచ్చి చెప్పొచ్చుగా," అన్నాను.

"ఆయన నోరు పెగిలే మనిషా? 'ఎవరి మంద వాళ్లదే' అని తమ్ముడి మొహాన అనేసి, ఆ రోజు నుంచి సరిగా తిండి తినడు. నేను పోయి చెప్తా అంటే, పో అనలేదు, వద్దనలేదు. గుర్రానికి జీను మాత్రం తనే కట్టి పెట్టాడు." నవ్వింది దుల్మా. "మాట ఎవరి నోటి నుంచి వస్తే ఏంలేమ్మా. చెప్తావుగా?"

"చెప్తాను."

ఆమె పోయాక పాలగడ్డ వంక చూస్తూ కూర్చున్నాను. ఆ మాట నిజంగా అన్నావా అని అడగాల్సింది. అడగలేదు. అడిగితే ఏడుస్తానేమోనని భయం. ఆమె ముందు ఏడవడం కంటే ఆ మాట అన్నదని నమ్మడమే నాకు సులువైంది.

జంబల్ మందను దొడ్డిలోకి తోలి లోపలికి వచ్చాడు. బయట గుర్రం జాడ చూసినట్టున్నాడు.

"ఎవరొచ్చారు?"

"అక్క. పాలగడ్డ ఇచ్చిపోయింది."

పిడకలు పొయ్యిలోకి తోస్తూ, నా వైపు వీపు పెట్టి అడిగాడు. "అన్న ఏమన్నా చెప్పమన్నాడంటనా?"

"ఏం లేదు."

"ఏమీ అనలేదా?"

"ఊరికే చూసిపోదామని వచ్చిందంట."

"ఓహో," అన్నాడు. పాలగడ్డలోంచి ఒక ముక్క కొట్టి టీలో వేశాడు. అది కరిగేదాకా గరిటెతో కలుపుతూనే ఉన్నాడు.

రెండో రోజు, మూడో రోజు ఆయన మందను వదిలి, దుర్భిణి పట్టుకుని దిబ్బ ఎక్కి కనుమ వైపు చూడడం నేను గమనించాను. అంత దూరంలో నల్లచుక్కల్లా గుర్రాలు కనబడే ఉంటాయి. అవి కదలకుండా అక్కడే ఎందుకున్నాయో ఆయనకు అర్థమై ఉండదు. నాకు తెలుసు. దిగి వచ్చి, "అన్న ఇంకా దాటలేదు. ఏ గుర్రానికో కాలు విరిగినట్టుంది," అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఇంకా వేళ మించిపోలేదు. రాత్రికి రాత్రి మందను లేపితే అందుకుంటాం. "అయ్యుంటుంది" అన్నాను.

నాలుగో రోజు గాలి లేచింది.

*

మంచు మమ్మల్ని చంపలేదు. మంచు పడ్డాక ఒక్క పూట ఆకాశం మెత్తబడింది. అది చంపింది. మధ్యాహ్నం సన్నగా తుంపర పడింది. చలికాలం నడుమ వాన! గొర్రెల వీపుల మీద నీళ్లు మెరిశాయి. జంబల్ చేతి తొడుగు తీసి అరచెయ్యి చాపి చూసుకున్నాడు. దొడ్డి వైపు పరిగెత్తాడు. సాయంత్రానికి గాలి ఉత్తరానికి తిరిగింది. తెల్లారేసరికి భూమంతా గాజు పరిచినట్టయింది. కింద గడ్డి కనబడుతోంది, ఎండు పోచలతో సహా కనబడుతోంది. మూతి పెడితే మాత్రం మంచుపెంకు. గొర్రెలు ఆ పెంకును నాకాయి. నాకి నాకి నాలుకలు కోసుకున్నాయి. తెల్లటి నేల మీద ఎర్రటి చుక్కలు.

జంబల్ గడ్డపార తీసుకుని పెంకు పగలగొట్టడం మొదలుపెట్టాడు. నేను చెక్కపార పట్టుకుని ఆయన వెనక. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇద్దరం కలిసి తెరిచిన నేల ఒక గుడారమంత. మూడు వందల మూతులు అక్కడికి ఎగబడేవి. బలమున్నవి తినేవి. లేనివి వాటి కాళ్ల కింద పడేవి. ఒక గుర్రాల గుంపు అయితే ఆ పని పొద్దు నడినెత్తికి రాకముందే చేసి పడేసేది. ఆ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. గడ్డపార పడ్డ ప్రతిసారీ నాకు వినబడింది.

రేడియోలో సున్నాకు దిగువ నలభై ఐదు అన్నారు. కోసి దాచిన ఎండుగడ్డి పదిహేను రోజుల్లో అయిపోయింది. మేం తాగాల్సిన పిండి జావ కాచి చూడి గొర్రెల నోట్లో పోశాను. టీ ఆకు పిప్పి పెట్టాను. నా పాత అంగీలు, మామగారి అంగీలు, గోనెసంచులు కత్తిరించి వాటికి చొక్కాలు కుట్టాను. బిడ్డ కోసం కుట్టి దాచిన ఉన్నిబొంత కూడా తీశాను. కత్తెర పెట్టబోతుంటే జంబల్ నా చేతిలోంచి లాగి పెట్టె అడుగున పెట్టేశాడు.

రోజూ తెల్లవారుజామున దొడ్డి తలుపు తియ్యడమే భయం. చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకునేవి. అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోయేవి. కాళ్లు పట్టి లాగి దొడ్డి బయట గోడ పక్కన పేర్చేవాళ్లం, కట్టెలు పేర్చినట్టు. బతికున్నవి ఆకలికి పక్కదాని వీపు మీద ఉన్ని కొరుక్కు తినేవి. చొక్కాలు కుట్టింది చలికే కాదు, ఆ పళ్ల నుంచి కాపాడడానికి కూడా.

మొదటి రోజు కోపంతో చెప్పలేదు. ఆ తర్వాత సిగ్గుతో. ఇప్పుడు భయంతో. ఒకటే మాట, ఒకటే నోరు, రోజుకొక కారణం. చెప్పి ఏం లాభం, కనుమ ఎటూ మూసుకుపోయింది, అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. లాభం లేని మాటే, కానీ దాని బరువు ఏమీ తగ్గలేదు.

ఒకరోజు జంబల్ మంచి గుర్రాన్ని తీసుకుని బయల్దేరాడు. "కనుమ ఏమైనా దారి ఇస్తుందేమో చూసొస్తా. అన్నని నాలుగు గుర్రాలు ఇవ్వమని అడుగుతా. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా," అన్నాడు.

మర్నాడు సాయంత్రం నడిచి వచ్చాడు. గుర్రం లేదు. రెండు బుగ్గల మీద అరచేతులంత నల్లమచ్చలు, ఎడమ చేతి రెండు వేళ్లు చెక్కలా బిగుసుకుపోయి ఉన్నాయి. పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, ఆ వేళ్లు నా చంకలో పెట్టుకుని కూర్చున్నాను.

"ఛాతీ దాకా ఉంది," అన్నాడు. "గుర్రం దిగబడిపోయింది. లేపలేకపోయా." పొయ్యి వంక చూస్తూ, "అన్న మంచి వేళకి దాటాడు. నేనే పోయి ఒక్కమాట అడిగుంటే, అప్పుడే దాటేవాళ్లం. అన్నని నేను అడగాలా అనుకున్నా. తప్పు నాదే నొరో."

"కాదు," అన్నాను.

"మరి ఎవరిది?"

నేను నోరు తెరిచాను. ఆయన కళ్లు మూసుకున్నాడు, నొప్పికి పళ్లు బిగించి. వేళ్లలోకి రక్తం తిరిగి వస్తోంది. ఆ నొప్పి మీద ఇంకో నొప్పి పెట్టలేకపోయానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి నాకు ధైర్యం లేదు.

*

మూడేళ్ల ఎద్దు కొమ్ములు కూడా గడ్డకడతాయని మావాళ్లు చెప్పుకునే నడిచలి రోజులు గడిచాక, ఖొర్లో అత్త తన ముసలి ఒంటె మీద వచ్చింది. ఆమె మేకల్లో సగానికి పైగా పోయాయి. అయినా ఆ నోరు మాత్రం ఎండలేదు.

"ఏందే, మొగుడికి లేని అంగీలు గొర్రెలకి కుట్టావంట? దిబ్బ మీద నుంచి చూసి పెళ్లివారు విడిది దిగారేమో అనుకున్నా," అంది, దొడ్డి వైపు చూస్తూ. నవ్వబోయి గోడ పక్కన పేర్చినవి చూసి ఆగిపోయింది. "ఎన్ని మిగిలాయి?" అని అడగలేదు. మా దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

లోపలికి వచ్చి టీ తాగింది. ఎండుపెరుగు అయిపోయింది, పెట్టడానికి ఏమీ లేదు. జంబల్ బయట చర్మాలు ఒలుస్తున్నాడు. తాగుతూ తాగుతూ హర్ సలా ముచ్చట్లు మొదలుపెట్టింది. అటు నుంచి, కొత్తగా తెరుచుకున్న చుట్టుదారిన ఎవరో వచ్చారట. లొదొయ్ గుర్రాలు బక్కచిక్కినా బతికాయట, వాటి వెనక గొర్రెలు కూడా.

"దుల్మా నీ గురించి అడిగిందంటమ్మాయ్. ఆ పిల్ల ఎట్టా ఉందో, ఏమన్నా తింటందో లేదో అని ఒకటే దిగులు పడతందంట."

"నా గురించా? నా చేతిలో ఏదీ నిలవదన్న మనిషి," అన్నాను.

ఖొర్లో అత్త గిన్నె పెదాల దగ్గర ఆపింది. "ఆఁ, అదా. తర్వాత మా కోడలి చెల్లెల్ని మళ్లీ కదిపితే ఇంకోలా చెప్పిందిలే. ఆ పిల్ల చేతిలో ఏదీ నిలవనీయడం లేదే ఆ ఆకాశం, పాపం ఎంతకని ఓర్చుకుంటదో, అన్నదంట. అని కళ్లు తుడుచుకుందంట."

 "అత్తా, ఆ మాటకీ ఈ మాటకీ..."

"ఏదో ఒకటిలేమ్మా. రెంటికీ పెద్ద తేడా ఏముంది?" అంది ఖొర్లో అత్త. గిన్నె అడుగు నాకి బోర్లించింది. "ఇంకో గుక్క ఉందా?"

ఇంకో గుక్క పోశాను. వంపి ఇచ్చేటప్పుడు కొంచెం ఆమె మోకాలి మీద ఒలికింది. "అయ్యో అయ్యో, ఒలికితే ఒలికిందిలే, వేడిగా ఉంది" అంది సంతోషంగా.

*

ఎద్దు సంవత్సరం పోయి పులి సంవత్సరం వచ్చిన తెల్లనెల పండుగ, మా కొత్త ఏటి పండుగ, నాటికి మా దొడ్డిలో పదకొండు గొర్రెలు, ఒక ఆవు ఉన్నాయి. ఆ పండుగకు చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి పోయి, వాళ్ల మోచేతుల కింద చేతులు పట్టి మొక్కాలి. ఎన్ని గొడవలున్నా, ఎంత మంచున్నా పోవాలి. మిగిలిన ఒక గుర్రం మమ్మల్నిద్దర్నీ మోసే స్థితిలో లేదు. ఖొర్లో అత్త ఒంటెను అడిగి తీసుకుని, మందను ఆమెకే అప్పజెప్పి, చుట్టుదారిన ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి హర్ సలా చేరాం.

అన్నదమ్ములిద్దరూ ఒక పళ్లెంలో చెయ్యి పెట్టడం అదే ఆఖరు. ఇప్పుడు మేం రాజధాని అంచున, కొండవాలు మీద, కట్టె కంచె వేసుకున్న గుడారంలో ఉంటున్నాం. చలికాలమంతా బొగ్గు పొగ. జంబల్ ఒక గిడ్డంగికి కాపలా కాస్తాడు. నేను అంగీలు కుడతాను, మనుషులకి. ఊరి వైపు నుంచి ఎవరైనా వస్తే ఆయన అన్న మంద గురించి అడుగుతాడు, అన్న గురించి అడగడు.

ఆ రోజు హర్ సలాలో దుల్మా గుడారం బయటే ఎదురొచ్చింది. నన్ను చూసి నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, నా నుదురు వాసన చూసింది, తల్లులు బిడ్డల్ని చూసినట్టు. లోపల లొదొయ్ బావగారు పొయ్యికి ఎగువన కూర్చుని ఉన్నారు. మొహం సగానికి సగమైంది. జంబల్ నీలిపట్టు గుడ్డ చేతుల మీద పరిచి, అరచేతులు పైకి పెట్టి, అన్న మోచేతుల కింద చేర్చాడు. చివరికి నిలవక నల్లబడి ఊడిపోయిన రెండు వేళ్ల చోట గుడ్డ జారింది. అన్న దాన్ని పట్టుకుని సర్దాడు.

"చలికాలం చల్లగా గడిచిందా?" అడిగాడు అన్న. అడగాల్సిన మాట.

"చల్లగా గడిచింది," అన్నాడు తమ్ముడు. చెప్పాల్సిన మాట. "మీ మంద చల్లగా ఉందా?"

"చల్లగా ఉంది."

నస్యం బుడ్లు మార్చుకున్నారు. దుల్మా ఆవిరి మీద కుడుములు ఉడికించి పెద్ద పళ్లెంలో తెచ్చిపెట్టింది, కొవ్వు కారే మాంసం కుడుములు. నేను మొదటిది కొరికితే నా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. వేడి అనుకున్నారు.

రెండో చిన్నగిన్నె సారా తాగాక బావగారు పళ్లెం కొంచెం పక్కకు జరిపారు.

"గడ్డి మొలవగానే వచ్చి నా మందలోంచి నలభై ఆడగొర్రెలు తోలుకుపో. ఒక మగగుర్రం, ఐదు ఆడగుర్రాలు కూడా ఇస్తా. నాన్న పొయ్యి చల్లారిపోకూడదు. వచ్చే చలికాలం మళ్లీ ఇక్కడే కలిసి ఉందాం."

జంబల్ తల దించుకున్నాడు. ఆయన మెడ మీద నరం కదలడం చూశాను. బిడ్డ పోయిన తర్వాత ఆయన ఏడవబోవడం నేను చూసింది అప్పుడే. దుల్మా అంగీ చేతితో ముక్కు తుడుచుకుంది. నాకు గుండెల మీద నుంచి ఏదో దిగిపోతున్నట్టనిపించింది. ఇక ఆ మాట ఎవరికీ అక్కర్లేదు, మట్టిలో కలిసిపోతుంది అనుకున్నాను.

"ఒక్కటి చెప్పు నాకు," అన్నారు బావగారు. పండుగ నాడు అడగకూడదు. అయినా అడిగారు. "మూడు రోజులు. కనుమ అవతల మూడు రోజులు నిలబెట్టాను గుర్రాల్ని. రెండు చూడి గుర్రాలు అక్కడే కడుపులు పోగొట్టుకున్నాయి. నాలుగో రోజు గాలి లేస్తే ఇంక చేతగాక దాటించా. దాటాక కూడా వెనక్కి చూస్తూనే ఉన్నా. నాన్న ఉంటే నన్ను కొరడాతో కొట్టేవాడు, తమ్ముణ్ణి వదిలి దాటాడని. కబురు పంపాను కదరా. ఎందుకు రాలేదు నువ్వు?"

జంబల్ తలెత్తాడు. "ఏం కబురు?" అని ఆయన పెదాల దాకా వచ్చింది. నేను చూశాను, వచ్చింది. అక్కడే ఆగింది.

దుల్మా నా వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "నేనే పోయి చెప్పానుగా. ఏమ్మా, నువ్వు చెప్పలేదా?"

పొయ్యిలో పిడక ఒకటి చిటపటలాడింది. నేను గిన్నె కింద పెట్టాను. ఇప్పటికైనా చెప్పెయ్యాలనే నోరు తెరిచాను. మాట బయటికి రాకముందే జంబల్, నా వంక చూడకుండా, అన్న కళ్లలోకి చూస్తూ అన్నాడు:

"చెప్పింది. నాకే రాబుద్ధి కాలేదు."

బావగారు పళ్లెం వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ నలభై ఆడగొర్రెల మాట మళ్లీ ఎత్తలేదు.